ఏజెంట్ ఎక్కడ ఆగి అడగాలి: ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు అపాయింట్‌మెంట్ల బుకింగ్ సిస్టమ్. వెనక జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ముందు, అంటే యూజర్‌కి కనిపించే స్క్రీన్లకు, రియాక్ట్. టీమ్‌లో ముగ్గురం. ఇద్దరం క్లాడ్ కోడ్ వాడతాం, ఒకరు కర్సర్‌ని వదలరు; రెండూ కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్. ఈ డైరీలో రాసుకునేది మాత్రం ఆ సిస్టమ్ మీద పనిచేసే ఏఐ ఏజెంట్ల గురించి, అంటే తమంతట తామే కోడ్ మార్చి కమాండ్లు నడిపేవాటి గురించి. పెద్ద మార్పు చేసే ముందు ఏజెంట్ ఆగాలి, ఏం చేయబోతోందో చెప్పాలి, మేం సరేనన్నాకే చేయాలి. చిన్న పనులకు మాత్రం మమ్మల్ని పిలవకూడదు. ఈ రెండో ముక్కే ఎక్కువ కష్టపెట్టింది.

ఫీల్డ్ పేరు మార్పు

అంతా ఒక పుల్ రిక్వెస్ట్‌తో (కోడ్ మార్పును చూసి కలుపుకోమని పెట్టే అభ్యర్థన) మొదలైంది. కస్టమర్ మోడల్‌లో 'కాంటాక్ట్ నంబర్' అనే ఫీల్డ్ పేరు 'ఫోన్' అని మార్చమని ఏజెంట్‌కి పని ఇచ్చాం. మార్చింది. ఆ పేరు వాడిన ప్రతిచోటా సరిచేసింది. టెస్టులన్నీ పాసయ్యాయి. రివ్యూలో మావాడు మైగ్రేషన్ ఫైల్ (డేటాబేస్‌లో చేయాల్సిన మార్పులు రాసి ఉండేది) తెరిస్తే అందులో పేరు మార్పు లేదు. పాత ఫీల్డ్ తీసేయడం, కొత్త ఫీల్డ్ చేర్చడం ఉన్నాయి. అది ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన కస్టమర్లు వాడే సిస్టమ్‌లో, నడిస్తే కస్టమర్ల ఫోన్ నంబర్లన్నీ పోయి ఖాళీ కాలమ్ మిగులుతుంది.

ఎందుకలా అయిందో వెతికితే తేలింది ఇది. మోడల్‌లో ఒక ఫీల్డ్ మాయమై, అలాంటిదే ఇంకో పేరుతో కనిపిస్తే ఆ మైగ్రేషన్ ఫైల్‌ని తయారుచేసే జాంగో మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ ఆగి 'పేరు మార్చారా?' అని అడుగుతుంది. అవునంటేనే రీనేమ్ రాస్తుంది. ఏజెంట్ నడిపే టెర్మినల్ ముందు జవాబు చెప్పడానికి మనిషి ఉండడు. అందుకని అది నో-ఇన్‌పుట్ ఫ్లాగ్ పెట్టి నడిపింది. ఆ ఫ్లాగ్ ఉంటే జాంగో అడగడం మానేసి 'కాదు' అనే అనుకుంటుంది. ఇక టెస్టుల సంగతి. టెస్ట్ డేటాబేస్ ప్రతిసారీ ఖాళీగా తయారవుతుంది. పోవడానికి అందులో డేటానే లేదు కాబట్టి వాటికి ఏ తేడా కనిపించలేదు.

నిజానికి మనిషిని అడిగే ఏర్పాటు ఆ కమాండ్‌లో ముందునుంచే ఉంది. మధ్యలోకి ఏజెంట్ వచ్చేసరికి ఆ ప్రశ్న మా దాకా రాలేదు. ఇన్నాళ్లూ టెర్మినల్‌లో విసుక్కుంటూ 'వై' నొక్కిన ప్రశ్నల్లో ఎన్ని ఇలాంటివో అని ఆరోజు కాస్త టెన్షన్ పడ్డ మాట నిజం. మొదటి రూల్ అక్కడే పుట్టింది: ఏ కమాండైనా ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్న నోరు నొక్కే ఫ్లాగ్ వాడొద్దు. ప్రశ్నను ఉన్నదున్నట్టు మాకు చూపించు.

'సంక్లిష్టమైన మార్పు' అంటే ఏమిటి

రూల్స్ ఫైల్ (పనికి ముందు ఏజెంట్ చదివే సూచనలు) మొదటి వెర్షన్‌లో ఆమోదం గురించి ఒకే వాక్యం ఉండేది: 'సంక్లిష్టమైన మార్పులు చేసే ముందు ఆమోదం తీసుకో.' చదవడానికి బాగానే ఉంది, పనిలో నిలబడలేదు. ఒక బటన్ పక్కన ఖాళీ తగ్గించమంటే మూడు ప్రత్యామ్నాయాలతో వచ్చి ఏది కావాలని అడిగింది. తేదీల ఫార్మాట్ సరిచేయమంటే మాత్రం మాటైనా చెప్పకుండా కొత్త లైబ్రరీ ఒకటి ఇన్‌స్టాల్ చేసుకుని పని ముగించింది. ఏది కష్టమైన పనో దానికి తెలుసు. ఏది మాకు ముఖ్యమైన నిర్ణయమో తెలియదు. ఆ రెండూ వేర్వేరు సంగతులు.

తర్వాత లెక్కలు పెట్టి చూశాం. ఇన్ని ఫైళ్లు దాటితే అడుగు, ఇన్ని లైన్లు దాటితే అడుగు. ఇదీ కుదరలేదు. ఒక మాడ్యూల్‌ని వేరే ఫోల్డర్‌కి మారిస్తే ఇంపోర్ట్ లైన్లు పదుల ఫైళ్లలో మారతాయి, కానీ ఏదైనా తప్పితే టెస్టులు వెంటనే గోల చేస్తాయి. ప్రమాదం దాదాపు సున్నా. మరోవైపు సెట్టింగ్స్‌లో ఒక్క లైన్ మార్చి ప్రతి రిక్వెస్టునీ దాని సొంత డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (అంతా జరగడమో, ఏదీ జరగకపోవడమో) చుట్టేయొచ్చు. డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడా) ఒక్క లైను, ప్రభావం మాత్రం సిస్టమ్ మొత్తం మీద. ఇంకో తమాషా కూడా జరిగింది. ఫైళ్ల సంఖ్యకు హద్దు పెట్టాక, ఒకే పనిని హద్దు దాటని ముక్కలుగా విడగొట్టి ఒక్కోటీ చేసుకుంటూ పోయింది. దాన్ని తప్పు పట్టలేం, చెప్పిన రూల్‌ని అక్షరాలా పాటించింది.

చివరికి సైజును పక్కన పెట్టి పర్యవసానాన్ని పట్టుకున్నాం. ఇప్పుడు రూల్స్ ఫైల్‌లో ఉన్న ప్రశ్నలు ఇవి. ఈ మార్పును గిట్ రివర్ట్ (కోడ్ మార్పును రద్దుచేసే కమాండ్) ఒక్కటే వెనక్కి తేగలదా? మా రిపోజిటరీ (ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోటు) బయట ఎవరైనా దీని మీద ఆధారపడ్డారా? ఇంతవరకు లేని కొత్త వస్తువు, అంటే లైబ్రరీ, సర్వీసు, టేబుల్, బ్యాక్‌గ్రౌండ్ పని లాంటిది, ఏదైనా వస్తోందా? మొదటిదానికి 'లేదు' అని వచ్చినా, మిగతా రెండిట్లో ఒక్కదానికి 'అవును' అని వచ్చినా ఆగాలి.

మొదటి ప్రశ్నే అన్నిటికంటే ఎక్కువ పనికొస్తోంది. రివర్ట్ కోడ్‌ని వెనక్కి తెస్తుంది, డేటాను తేదు. డేటాను మార్చే మైగ్రేషన్‌లో వెనక్కి తిప్పే ఫంక్షన్ రాయకపోతే జాంగో కూడా దాన్ని వెనక్కి నడపనని తేల్చి చెప్పేస్తుంది. వెళ్లిపోయిన ఈమెయిల్ వెనక్కి రాదు. రెండో ప్రశ్న ఏపీఐ కోసం, అంటే వేరే ప్రోగ్రాములు మా సిస్టమ్‌ని వాడుకునే దారి కోసం. జవాబులో ఒక ఫీల్డ్ పేరు మారితే మా ఫ్రంట్‌ఎండ్‌ని మేం సరిచేసుకుంటాం. ఆ ఏపీఐని వాడుకునే అవతలివాళ్ల మొబైల్ యాప్ పాత వెర్షన్‌ని ఎవరు సరిచేస్తారు?

టెస్టుల విషయం విడిగా రాశాం. కొత్త టెస్టు ఎప్పుడైనా రాసుకోవచ్చు, అడగక్కర్లేదు. ఉన్న టెస్టు ఆశించే జవాబును మార్చాలంటే మాత్రం అడగాలి. కోడ్ తప్పా, టెస్టు తప్పా అన్నది నిర్ణయం. పని త్వరగా ముగించాలనే ఊపులో ఉన్న ఏజెంట్‌కి ఆ నిర్ణయం వదిలేస్తే ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. నా మటుకు ఈ ఒక్క రూల్ మిగతా అన్నిటికీ సాటి.

మరీ ఎక్కువ అడిగితే

ఇదే సమయంలో అనుమతుల సెట్టింగులు బాగా బిగించి పెట్టాం. ఫలితం ఏమిటంటే ఫైల్ చదవడానికి అనుమతి, టెస్టు నడపడానికి అనుమతి, ఫోల్డర్‌లో ఏమున్నాయో చూడటానికి అనుమతి. 'ఇదేంటన్నా, గంటసేపు ఎంటర్ కొట్టడం తప్ప నేను చేసిన పనేమీ లేదు' అన్నాడు మావాడు. ఏ ప్రశ్నకు ఎంటర్ కొట్టావని అడిగితే గుర్తులేదన్నాడు. అలాంటప్పుడు ఆమోదం ఉన్నా లేనట్టే. పైగా టూల్‌లోనే ఒక సౌకర్యం ఉంది: 'ఇలాంటివి ఇకపై అడగొద్దు' అనే ఎంపిక. విసుగెత్తిన మనిషి దాన్నే నొక్కుతాడు.

క్లాడ్ కోడ్ సెట్టింగ్స్‌లో మూడు గంపలుంటాయి: అడగకుండా చేసుకోవచ్చు, అడగాలి, అసలే వద్దు. ఒకే పని రెండు గంపల్లోకి వస్తే 'వద్దు' అన్నదే గెలుస్తుంది. మేం ఇలా సర్దుకున్నాం. చదవడం, వెతకడం, టెస్టులు, లింటర్ (కోడ్‌లో పొరపాట్లు పట్టేది), గిట్‌లో స్టేటస్, డిఫ్ చూడటం మొదటి దాంట్లో. ప్యాకేజీ ఇన్‌స్టాల్, మైగ్రేషన్ తయారీ, బ్రాంచ్ పుష్ రెండో దాంట్లో. రహస్య కీలు ఉండే ఎన్వ్ ఫైల్ చదవడం, ఫోర్స్ పుష్ (సర్వర్ మీది కోడ్ చరిత్రను చెరిపి రాసేది) మూడో దాంట్లో. దీంతో ప్రశ్నలు బాగా తగ్గాయి. వచ్చినప్పుడు తల ఎత్తి చూస్తున్నాం. అసలు కావాల్సిందీ అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కమాండ్లను ఆపే రూల్ అక్షరాలను పోల్చి చూస్తుంది, అర్థాన్ని కాదు. మైగ్రేషన్లను డేటాబేస్ మీద నడిపే మైగ్రేట్ కమాండ్‌ని ఆపామనుకోండి. అదే పని చేసే మేక్ టార్గెట్ (కమాండ్లకు పెట్టుకున్న పొట్టి పేరు) ఒకటి ఉంటే ఆ దారిన వెళ్లొచ్చు. చిన్న పైథాన్ స్క్రిప్టు రాసి దాన్ని నడిపినా అంతే. ఏజెంట్‌కి దురుద్దేశం ఉందని కాదు. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి వెతకడం దాని పని, దానికోసమే కదా వాడుతున్నాం.

అందుకే అసలు అడ్డుగోడ వేరేచోట కట్టాం. ఏజెంట్ పనిచేసే కంటైనర్‌లో (మిగతా మెషీన్ నుంచి వేరుచేసిన చోటు) ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండదు. డెవలప్‌మెంట్ డేటాబేస్ ఒక్కటే దానికి కనిపిస్తుంది, అది పోయినా స్క్రిప్టుతో మళ్లీ కట్టుకుంటాం. 2025 జులైలో రెప్లిట్ అనే కోడింగ్ సైట్ ఏజెంట్ ఒక యూజర్ ప్రొడక్షన్ డేటాబేస్‌ని తుడిచేసిన ఉదంతం తెలిసే ఉంటుంది. అప్పుడు కోడ్ ఫ్రీజ్ నడుస్తోంది, ఏమీ మార్చొద్దని ఆ యూజర్ మాటల్లో చెప్పాడు కూడా. ఆ తర్వాత కంపెనీ సీఈవో క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ డేటాబేస్‌లను వేరుచేస్తున్నామని, కోడ్ జోలికి పోకుండా ప్లాన్ మాత్రమే వేసే మోడ్ తెస్తున్నామని ప్రకటించాడు. తాళంచెవి చేతిలో పెట్టి తలుపు తీయొద్దని చెప్పే పద్ధతి మనుషుల దగ్గరే సరిగ్గా సాగదు.

ప్లాన్ ఎలా ఉండాలి

క్లాడ్ కోడ్‌లో షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కుతూ పోతే ప్లాన్ మోడ్ వస్తుంది. అందులో ఉన్నంతసేపు అది చదువుతుంది, ఆలోచిస్తుంది, ఫైళ్లు మార్చదు. క్లైన్ అనే మరో ఏజెంట్‌లో ప్లాన్, యాక్ట్ అని రెండు మోడ్‌లున్నాయి. ఏడర్ అనే ఇంకోదాంట్లో ఆస్క్ మోడ్ ఉంది. పేర్లు ఏవైనా ఉద్దేశం ఒకటే. కాబట్టి సౌకర్యానికి కొరత లేదు, వచ్చే ప్లాన్‌లోనే ఉంది చిక్కంతా.

మొదట్లో వచ్చిన ప్లాన్‌లు చాంతాడంత ఉండేవి. నేపథ్యం, లక్ష్యాలు, దశలు, రిస్కులు. రిస్కుల కింద 'పాత వెర్షన్‌తో పొసగేలా జాగ్రత్తపడాలి' లాంటి మాటలు. ఎవరూ కాదనలేరు, ఎవరికీ ఉపయోగం లేదు. అంత పొడుగు చదివే ఓపిక లేక అందరం చివరి పేరా చూసి సరేననేవాళ్లం. ఇప్పుడు ఒక స్క్రీన్ దాటకూడదని రాశాం. ఏ ఫైళ్లు మారతాయి, వేటిని తాకదు, తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్లాలి, ఆలోచించి వద్దనుకున్న దారి ఏది, ఎందుకు వద్దనుకుంది, మా నుంచి ఏ నిర్ణయం కావాలి. ఇంతే. వీటిలో నాకు బాగా నచ్చింది 'వేటిని తాకదు' అన్న లైను. పని సరిగ్గా అర్థమైందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఆ ఫోన్ ఫీల్డ్ పనినే ఈ పద్ధతిలో మళ్లీ ఇచ్చి చూశాం. ప్లాన్‌లో రీనేమ్ మైగ్రేషన్ రాస్తానంది. వెనక్కి వెళ్లే దారి: మళ్లీ రీనేమ్. వద్దనుకున్న దారి: కొత్త కాలమ్ చేర్చి, కొన్నాళ్లు రెండింట్లోనూ రాసి, పాత డేటాను విడతలుగా కాపీ చేసి, తర్వాతి రిలీజ్‌లో పాతది తీసేయడం. ఇంత చిన్న మార్పుకు అంత తతంగం అక్కర్లేదని కారణం రాసింది. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ పేరు మార్చడం క్షణాల పనే, నిజం. చిక్కల్లా డిప్లాయ్ జరిగే, అంటే కొత్త కోడ్‌ని సర్వర్ మీదికి ఎక్కించే, ఆ కాసేపట్లో ఉంది. అప్పటికింకా నడుస్తున్న పాత కోడ్ పాత పేరుతోనే అడుగుతుంది, ఆ పేరు అక్కడ ఉండదు. ప్లాన్‌లో ఆ సంగతి లేదు.

అదే ప్రశ్న వేశాం: డిప్లాయ్ సమయంలో పాత కోడ్ ఏమవుతుంది? దానికి జవాబు వెతుకుతూ అదే మూడో దారి తెచ్చింది. పైథాన్ వైపు ఫీల్డ్ పేరు మాత్రం మార్చి, డీబీ-కాలమ్ అనే ఆప్షన్‌తో డేటాబేస్‌లో పాత పేరే ఉంచడం. మైగ్రేషన్ ఫైల్ ఒకటి వస్తుంది గానీ, మైగ్రేషన్ నడిపే డేటాబేస్ కమాండ్లను చూపించే ఎస్‌క్యూఎల్ మైగ్రేట్‌తో చూస్తే డేటాబేస్‌లో చేసేదేమీ లేదని చూపిస్తుంది. పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే కాలమ్ చదువుతాయి. ఇక వేరే గొడవే లేదు.

ఆమోదం అనగానే సంతకం పెట్టడంలా అనిపిస్తుంది. మాకు దక్కిన లాభం మాత్రం ఆ ఒక్క ప్రశ్న వేసే సందు దొరకడంలో ఉంది. ఇప్పుడు మా టీమ్‌లో ఒట్టి 'సరే' అనడం తగ్గింది. ప్లాన్ మీద కనీసం ఒక ప్రశ్న వేయాలని ఎవరూ రూల్ పెట్టలేదు, అలవాటైపోయింది.

సరేనన్న ప్లాన్ దారి తప్పితే

ప్లాన్‌కి ఒప్పుకున్నాం, పని మొదలైంది, మధ్యలో అనుకోనిది ఎదురైంది. అప్పుడు ఏం చేయాలి? ఏజెంట్ సాధారణంగా ఆగదు. క్యాన్సిలేషన్ ఈమెయిల్ టెంప్లేట్ మార్చమన్న పనిలో, ఈమెయిల్ పంపే ఫంక్షన్ తీరు నచ్చక దాన్ని తిరగరాసింది. బాగానే రాసింది కూడా. కానీ మేం ఒప్పుకున్నది అది కాదు. బుకింగ్ రిమైండర్లు కూడా ఆ ఫంక్షన్ నుంచే వెళ్తాయి.

దీనికి మాటలతో పెట్టిన రూల్ సెషన్ మొదట్లో బాగా పనిచేస్తుంది, పొడవు పెరిగేకొద్దీ పట్టు సడలుతుంది. సంభాషణ మరీ పెద్దదైతే టూల్ పాత భాగాన్ని కుదించి సారాంశంగా మార్చుకుంటుంది. ఏ షరతు మీద సరేనన్నామో ఆ సారాంశంలో మిగలొచ్చు, మిగలకపోవచ్చు. అందుకని ఒప్పుకున్న ప్లాన్‌ని, దానిలోని ఫైళ్ల జాబితాని రిపోలోనే ఒక ఫైల్‌గా పెడుతున్నాం.

ఆ జాబితా మీద హుక్ కట్టాం. క్లాడ్ కోడ్ ఏ టూల్ వాడబోయినా దానికి ముందు మన స్క్రిప్టును నడిపించే ప్రీ-టూల్-యూజ్ హుక్ ఉంది. ఏ టూల్, ఏ ఫైల్ అన్న వివరాలు జేసన్ రూపంలో స్క్రిప్టుకి అందుతాయి. జాబితాలో లేని ఫైల్ అయితే స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్ 2 ఇస్తుంది. ఆ పని ఆగిపోతుంది, ఎర్రర్‌గా రాసిన మాటలు ఏజెంట్‌కి చేరతాయి. మేం అక్కడ 'ఈ ఫైల్ ప్లాన్‌లో లేదు. ఎందుకు కావాలో చెప్పి ఆగు' అని రాశాం. ఆశ్చర్యంగా, ఈ మాట చాలా బాగా పనిచేస్తోంది. అడ్డు తగిలిన చోటే కారణం కూడా కనిపిస్తే పక్కదారులు వెతక్కుండా వచ్చి అడుగుతోంది. ఒట్టి 'అనుమతి లేదు' అని ఉన్నప్పుడు అలా ఉండేది కాదు.

జాబితా ఫైల్‌ని ఏజెంట్ తానే మార్చుకోకుండా దాన్ని 'వద్దు' గంపలో వేశాం. ఇంకో కంత: ఫైల్ ఎడిట్ టూల్ మీద హుక్ ఉన్నా, షెల్ నుంచి సెడ్ కమాండ్‌తో ఫైల్ మార్చేస్తే హుక్‌కి తెలియదు. షెల్ కమాండ్లన్నీ విడమర్చి చూడటం అయ్యే పని కాదు. పని ముగిశాక గిట్ డిఫ్‌లో వచ్చిన ఫైళ్ల పేర్లను జాబితాతో పోల్చడం తేలిక. ఆ పని సీఐకి (ప్రతి పుల్ రిక్వెస్ట్ మీద సర్వర్‌లో తనిఖీలు నడిపే ఏర్పాటు) అప్పగించాం.

కర్సర్ వాడే మనిషి సంగతి

పై హుక్‌ని మేం క్లాడ్ కోడ్‌లోనే కట్టాం. కర్సర్‌కి దాని సొంత రూల్స్ ఫోల్డర్ ఉంది. రెండుచోట్ల ఒకే మాటలు రాస్తే కొన్నాళ్లకు రెండూ వేరైపోతాయి. కాబట్టి ఉమ్మడి రూల్స్ ఏజెంట్స్ డాట్ ఎండీ అనే ఫైల్‌లో పెట్టి, క్లాడ్ కోడ్ చదివే రూల్స్ ఫైల్ నుంచి దాన్నే పిలుస్తున్నాం.

అయినా ఎవరు ఏ టూల్ వాడినా ఒకేలా పనిచేసే గట్టి తనిఖీ మా మెషీన్ల మీద ఉండదు, సర్వర్ మీదే ఉంటుంది. మార్పును సేవ్ చేసే ముందు సొంత మెషీన్ మీద నడిచే ప్రీ-కమిట్ హుక్‌ని నో-వెరిఫై ఫ్లాగ్‌తో ఎవరైనా దాటేయొచ్చు, ఏజెంట్లకు ఆ ఫ్లాగ్ బాగా తెలుసు. గిట్‌హబ్‌లో మెయిన్ బ్రాంచ్‌కి రక్షణ పెట్టి, ఏ ఫైల్‌కి ఎవరు బాధ్యులో చెప్పే కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో మైగ్రేషన్లు, సెట్టింగ్స్, డిపెండెన్సీల ఫైళ్లు, సీఐ వర్క్‌ఫ్లోలు రాశాం. వీటిలో దేన్ని తాకినా ఆ ఫైళ్ల బాధ్యులు ఒప్పుకోకుండా మెర్జ్ అవదు. కోడ్‌ఓనర్స్ ఫైల్‌ని కూడా అదే జాబితాలో చేర్చాలి, లేకపోతే ఆ ఫైల్‌నే మార్చి కాపలా తీసేయొచ్చు. ఆ ఫైల్ ఒక్కటే ఉంటే చాలదు, బ్రాంచ్ సెట్టింగుల్లో 'కోడ్ ఓనర్ల రివ్యూ తప్పనిసరి' అన్నది కూడా ఆన్ చేయాలి.

ఇప్పటి పరిస్థితి

బగ్ ఫిక్సులు, స్క్రీన్ మీద చిన్న మార్పులు, కొత్త టెస్టులు మమ్మల్ని కదిలించకుండానే పుల్ రిక్వెస్ట్ దాకా వస్తున్నాయి. ప్లాన్ దగ్గర ఆగేవి ఎక్కువగా డేటాబేస్, ఏపీఐ, కొత్త లైబ్రరీలు. లైబ్రరీల విషయంలో 'వద్దు, ఉన్నదాంతోనే చెయ్యి' అన్న జవాబే ఎక్కువసార్లు వెళ్తోంది, అదీ కారణంతో సహా. కారణం రాస్తే అది రూల్స్ ఫైల్‌లోకి చేరుతుంది, అదే ప్రశ్న మళ్లీ రాదు.

ఇబ్బంది లేకపోలేదు. రాత్రి ఏజెంట్‌ని పనిలో పెట్టి పడుకుంటే పొద్దున్నకి అది ప్లాన్ దగ్గరే ఆగి ఉంటుంది. అనుమతులన్నీ దాటేసే ఫ్లాగ్ ఒకటుంది గానీ, ఆ ఫ్లాగ్ పేరులోనే 'ప్రమాదకరంగా' అన్న మాట చేర్చారు దాన్ని తయారుచేసినవాళ్లు. మేం రాత్రి పనులకు వేరే గిట్ వర్క్‌ట్రీ (అదే కోడ్‌కి విడి ఫోల్డర్) ఇచ్చి, ప్లాన్‌లు మాత్రమే వేయిస్తున్నాం. పొద్దున్నే వాటిని చదవడం తాజా బుర్రతో తేలికగానే ఉంది. ఎవరి ప్లాన్ ఎవరు చూడాలన్నది ఇంకా తేలలేదు. ఏజెంట్‌కి పని ఇచ్చినవాళ్లే ఒప్పుకుంటే చాలా, ఇంకొకరు కూడా చూడాలా? మైగ్రేషన్లకు మాత్రం ఇద్దరు చూడాలని ప్రస్తుతానికి అనుకున్నాం.

తర్వాతి పని: మైగ్రేషన్ ఉన్న ప్రతి పుల్ రిక్వెస్ట్‌లో ఎస్‌క్యూఎల్ మైగ్రేట్ ఇచ్చే ఎస్‌క్యూఎల్‌ని సీఐ తనంతట తానే కామెంట్‌గా పెట్టాలి. అందులో కాలమ్‌ని డ్రాప్ చేసే లైన్ కనిపిస్తే ఆ చెక్ ఎర్రగా మారాలి, పచ్చగా మార్చడానికి మనిషే లేబుల్ పెట్టాలి. ఏజెంట్ గిట్‌హబ్‌లోకి వెళ్లడానికి వాడే టోకెన్‌కి లేబుల్ పెట్టే హక్కు లేకుండా చూసుకోవాలి. టోకెన్ హక్కుల పట్టిక ముందేసుకుని కూర్చోవాల్సింది రేపే.